అగ్గి తరుముకొస్తుంటే వెనక్కి లాగేదేమిటి?

యాసంగి వరి కోతలు అయిపోయాక, ఏప్రిల్, మే నెలల్లో, నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ జిల్లా పేజీల్లో ఒక చిన్న వార్త తరచూ కనిపిస్తుంది. వరి కొయ్యలకు నిప్పు పెట్టిన రైతు ఆ మంటల్లోనే చిక్కుకుని చనిపోయాడని. నాలుగైదు వాక్యాలకు మించని వార్త. అందులో మళ్లీ మళ్లీ వచ్చే ముక్క ఒకటుంది: ‘మంటలు పక్క చేనుకు పాకుతుండటంతో ఆర్పబోయి’. చనిపోయిన మనిషి చాలాసార్లు వయసు మళ్లినవాడే అయి ఉంటాడు.

అసలు విషయమంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది. ఆయనకు తప్పించుకునే దారి లేక కాదు. గట్టెక్కి నాలుగు అడుగులు వేస్తే బండ్ల బాట. కానీ అవతల పక్కవాళ్ల గడ్డివాము ఉంది. బోరు దగ్గర స్టార్టర్ డబ్బా, చుట్ట చుట్టి పెట్టిన డ్రిప్పు పైపులు ఉన్నాయి. గట్టు మీద గీత కార్మికుల తాటిచెట్లు ఉన్నాయి. అవి కాలితే ఎవరికేం సమాధానం చెప్పాలి, ఎక్కడి నుంచి తెచ్చి కట్టాలి అన్న భయం ఆయన్ని మంట వైపే నడిపించింది.

‘మంటల నుంచి ఎలా తప్పించుకోవాలి’ అన్నది ఒక పాఠంగా, ‘కాలిపోయాక ఎలా తేరుకోవాలి’ అన్నది ఇంకో పాఠంగా చెప్పడం అలవాటైపోయింది. దక్షిణ తెలంగాణ పల్లెల్లో, నల్లమల పెంటల్లో, అంటే అడవి లోపలి చెంచు గూడేల్లో, ఈ రెండూ ఒకటే. పోయింది మళ్లీ రాదని తెలిసిన మనిషి తొందరగా కదలడు. కదిలినా వెనక్కి వెళ్తాడు. నష్టం సంగతి ముందే కొంతైనా తేల్చి పెట్టకపోతే ‘ప్రాణం ముఖ్యం, వచ్చెయ్యండి’ అన్న మాట ఎవరి చెవికీ ఎక్కదు.

మంట నడక

నల్లమలలో తెలంగాణ వైపున్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో కలిపి 2,611 చదరపు కిలోమీటర్లు. ఇది ఆకు రాల్చే అడవి. చలి తగ్గే వేళకు టేకు, నల్లమద్ది, తునికి ఆకు రాల్చడం మొదలుపెడితే, మార్చి నాటికి అడుగు తీసి అడుగు వేస్తే కరకరలాడేంత ఎండుటాకు పరుచుకుంటుంది. చెట్లు పలచగా ఉన్నచోట నడుమెత్తు బోద గడ్డి ఎండి నిలబడి ఉంటుంది. ఈ అడవిలో నిప్పు తనంతట తాను పుట్టడం చాలా అరుదు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చినవాళ్లు, కొత్త గడ్డి మొలవాలని నిప్పు పెట్టిన కాపరులు, తేనెపట్టు దగ్గర కాగడా, శ్రీశైలం రోడ్డు మీద పోయే బండిలోంచి విసిరిన బీడీ ముక్క, వంట చేసుకుని పొయ్యి ఆర్పకుండా వెళ్లిన యాత్రికులు. వీళ్లలో అడవిని తగలబెట్టాలనుకున్నవాళ్లు ఎవరూ లేరు. అందుకే చట్టం ఒక్కటే దీన్ని ఆపలేకపోతోంది. అభయారణ్యంలో నిప్పు పెట్టడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ నిషేధించి యాభై ఏళ్లు దాటింది.

అన్ని మంటలూ ఒకే తీరున నడవవు. చదునైన నేల మీద, గాలి లేనప్పుడు, ఎండుటాకు మంట మనిషి నడక కన్నా నెమ్మదిగానే పాకుతుంది. పచ్చి కొమ్మ విరిచి కొట్టి ఆర్పేయొచ్చు. ఫైర్ వాచర్లు ఎండాకాలమంతా చేసే పని చాలావరకు అదే. మనిషిని మోసం చేసేది కూడా ఆ అనుభవమే. నిన్న కొమ్మతో ఆర్పిన మంటే ఇవాళ ఎండుగడ్డిలోకి దిగి, వెనక నుంచి గాలి అందుకుంటే, దాని ముందు పరుగెత్తి గెలవడం ఎవరివల్లా కాదు.

కొండ ఎక్కే మంట మరీ ప్రమాదం. వాలు 10 డిగ్రీలు పెరిగితే పైకి పాకే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందని ఆస్ట్రేలియాలో అడవి మంటలను ఆర్పేవాళ్లు వాడే లెక్క ఒకటుంది. అంటే 20 డిగ్రీల వాలు మీద నాలుగింతలు. కింద మండే నిప్పు సెగ పైనున్న గడ్డిని ముందే కాచి, ఎండబెట్టి ఉంచుతుంది. మంట అక్కడికి చేరేసరికి అది భగ్గున అంటుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. మనిషికి ఆయాసం తెప్పించే ఎత్తే మంటకు ఊపునిస్తుంది. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో జరిగింది ఇదే. ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లను నిటారు వాలు మీద, ఎండుగడ్డి మధ్య మంట చుట్టుముట్టింది. టెన్షన్‌లో దిక్కుకొకరుగా పరుగెత్తారు, కొందరు లోయలో పడ్డారు. మొత్తం 23 మంది ప్రాణాలు పోయాయి.

ఇక రవ్వలు. పెద్ద మంట లేచినప్పుడు వేడిగాలి కాలుతున్న ఆకులను, బెరడు ముక్కలను పైకి ఎత్తుకెళ్లి చాలా ముందు ఎక్కడో పడేస్తుంది. మంట ఇంకా దూరంగానే ఉందని వాకిట్లో నిలబడి చూస్తున్నవాళ్ల వెనక, పూరికప్పు మీద పొగ లేస్తుంది. మంట రోడ్డు దాటదు, వాగు దాటదు అన్న నమ్మకం ఎంతోమందిని ముంచింది. మంట దాటకపోయినా రవ్వ దాటుతుంది.

అన్నిటికన్నా ముందు చేరేది పొగ. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తల దిమ్ముగా అవుతుంది, కాళ్లలో సత్తువ పోతుంది, ఎటు నడుస్తున్నామో తెలియకుండా పోతుంది. వరి మడిలో చనిపోయిన రైతు సంగతి ఇక్కడ మళ్లీ తలచుకోవాలి. హార్వెస్టర్‌తో కోసిన మడిలో కొయ్య ఎత్తుగా నిలుస్తుంది, పైన వదులు గడ్డి వరసలు వరసలుగా పడి ఉంటుంది. కొడవలితో కోసి మోపులు కట్టి ఎత్తుకెళ్లిన రోజుల్లో మడిలో ఇంత మేత ఉండేది కాదు మంటకు. పైన 43, 44 డిగ్రీల ఎండ. మంట మడికి అడ్డంగా పాకుతుంటే ఆయన వేపకొమ్మ పట్టుకుని దాని ముందుకు వెళ్తాడు, అంటే గాలి ఎటు వీస్తోందో అటు. సుడిగాలి ఒక్కసారి తిరిగిందంటే పొగ ముఖాన కొడుతుంది. దగ్గు, కళ్లు మూతలు, ఎటు పోవాలో తెలియదు, ఒక మడి గట్టు కాలికి తగులుతుంది. అరగంటలో అంతా అయిపోయి నేల నల్లగా చల్లారుతుంది. ఎవరైనా చూసేది అప్పుడే.

డబ్బున్న ఊళ్లలోనూ

నల్లగొండ, మహబూబ్‌నగర్ నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు ఉన్న ఇళ్లు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నాయి. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ చుట్టూ మంటలు లేచినప్పుడు ఇక్కడి తల్లిదండ్రులు రాత్రంతా ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. అంత పెద్ద దేశంలో, అన్ని ఫైరింజన్లున్నచోట ఇలా ఎలా జరిగిందన్నది చాలామందిని తొలిచిన ప్రశ్న. జవాబు చాలావరకు టైమ్‌లో ఉంది.

2018 నవంబర్ 8న కాలిఫోర్నియాలోని పారడైజ్ అనే కొండ మీది ఊరిని మంట ఒక్క పూటలో మింగింది. 26 వేల జనాభా. ఎప్పుడేం చేయాలో ఆ ఊరికి ముందే ప్లాన్ ఉంది. ఊరిని భాగాలుగా విడగొట్టి ఒక్కో భాగాన్ని వంతులవారీగా పంపాలని. మంట వంతులు పాటించలేదు. రవ్వలు అన్ని వైపులా ఒకేసారి పడ్డాయి, అందరూ ఒకేసారి రోడ్డెక్కారు, కార్లు నిలిచిపోయాయి. 85 మంది చనిపోయారు, 18 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. 2023 ఆగస్టు 8న హవాయి దీవుల్లోని లహైనాలో 102 మంది పోయారు. అక్కడ ప్రమాద హెచ్చరికకు పెట్టిన సైరన్లు ఉన్నాయి, ఆ రోజు మోగలేదు. 2025 జనవరి 7న మొదలైన పాలిసేడ్స్, ఈటన్ మంటల్లో 16 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. పాలిసేడ్స్‌లో జనం కార్లు రోడ్డు మీదే వదిలి కాలినడకన పరుగెత్తితే, ఫైరింజన్లకు దారి కోసం ఆ కార్లను బుల్డోజర్‌తో పక్కకు నెట్టాల్సి వచ్చింది. ఈటన్ మంటలో చనిపోయినవాళ్లలో చాలా ఎక్కువమంది ఆల్టడీనా పడమటి భాగం వాళ్లు. ఖాళీ చేయమన్న ఆదేశం వాళ్లకు గంటల ఆలస్యంగా అందింది. వాళ్లలో ముసలివాళ్లు, కదలలేనివాళ్లు ఎక్కువ.

ఆస్ట్రేలియా కథ ఇంకా దగ్గరగా తగులుతుంది. అక్కడ చాలా ఏళ్లు చెప్పిన మాట ‘ముందే వెళ్లిపో, లేదంటే ఉండి ఇంటిని కాపాడుకో’. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియా రాష్ట్రంలో 173 మంది చనిపోయాక ఆ మాట మారింది. మంటల ప్రమాదం అన్నిటికన్నా పై స్థాయిలో ఉంటుందని ప్రకటించిన రోజున, పొగ కనబడకముందే, తెల్లవారుజామునో ముందు రోజు రాత్రో ఊరు విడిచిపోవాలన్నది ఇప్పటి సలహా. ఇంటిని కాపాడుకుందామని ఆగిన మనిషికీ, నల్లగొండలో పక్క చేను కాపాడబోయిన రైతుకూ తేడా పెద్దగా లేదు.

పెంటల్లో ‘ఖాళీ చేయండి’ అంటే

అప్పాపూర్, భౌరాపూర్, మల్లాపూర్, రాంపూర్ వంటి చెంచు పెంటలకు ఈ పాఠాలను ఉన్నవి ఉన్నట్టు తెచ్చి పెట్టలేం. ఫరహాబాద్ గేటు దాటి లోపలికి పోయే మట్టిబాటలో బండి నడవడమే కష్టం. చాలాచోట్ల సెల్ సిగ్నల్ ఉండదు. అడవిలోంచి పోయే హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను ఆపుతారు. జంతువుల కోసం అది సరైన నియమమే. కానీ రాత్రి పూట సాయం రావాల్సినప్పుడు గేటు దగ్గర ఉన్న సిబ్బందికి ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి.

హెచ్చరిక వ్యవస్థ లేదని కాదు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహాల ద్వారా మంటలను గుర్తించి అటవీ సిబ్బంది ఫోన్లకు మెసేజ్ పంపుతుంది. ఆ పని 2004 నుంచీ జరుగుతోంది. ఇప్పుడు వాడే సెన్సర్లలో మెరుగైనది 375 మీటర్ల గడి చొప్పున చూస్తుంది. అయితే ఉపగ్రహం రోజంతా తల మీదే ఉండదు. అది వచ్చి, చూసి, సమాచారం కిందికి చేరేలోపు గాలి దిశ మారి ఉండొచ్చు. అడవి సిబ్బందికి అది ఎంతో ఉపయోగం. పెంటలో పడుకున్న కుటుంబానికి మాత్రం ముందు తెలిసేది కుక్కలు మొరగడం వల్ల, పొగ వాసన వల్ల, కొండ మీద ఎర్రటి గీత వల్ల. పెంటకు చేరాల్సిన హెచ్చరిక పెంట భాషలోనే, పెంట మనిషి నోటనే చేరాలి. పల్లెల్లో డప్పు చాటింపు, పంచాయతీ మైకు, గుడి మైకు ఉన్నాయి. ఏ మాటకు ఏ అర్థమో, డప్పు ఎలా కొడితే ఎటు పోవాలో ముందే అనుకుని ఉంటే వాటిని మించిన సైరన్ లేదు.

ఇంకో చిక్కు ఉంది, దాన్ని దాటవేసి మాట్లాడటం అన్యాయం. పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతం నుంచి గూడేలను బయటికి తరలించే ప్రయత్నాలు ఎన్నో ఏళ్లుగా నడుస్తున్నాయి. ఒప్పుకుని వెళ్లే కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ ఉంది. వెళ్లాలా వద్దా అన్నది ఆ కుటుంబాలు తేల్చుకోవాల్సిన విషయం. కానీ ఇలాంటి చోట ఒక యూనిఫాం మనిషి వచ్చి ‘మంటలొస్తున్నాయి, వెంటనే ఖాళీ చేయండి’ అంటే వినేవాళ్ల మనసులో మొదట మెదిలేది మంట కాకపోవచ్చు. ఇప్పుడు బయటికి పోతే మళ్లీ లోపలికి రానిస్తారా? ఈ ఒక్క అనుమానం ఒక గంట తినేస్తుంది. మంట ముందు గంట అంటే చాలా ఎక్కువ. మంట చల్లారగానే తిరిగి పెంటకు చేరుస్తామన్న హామీ గ్రామసభలో, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారుల ఎదుట, ఎండాకాలం రాకముందే రాతపూర్వకంగా ఉండాలి. ఎవరెవరికి అటవీ హక్కుల పట్టాలున్నాయో ఆ జాబితా నకలు ఒకటి పెంట బయట కూడా భద్రంగా ఉండాలి. నమ్మకం ఉన్నచోట మనిషి కాలు తొందరగా కదులుతుంది.

అడవిలో జనం ఎక్కువగా ఉండే రోజులు కూడా ఎండాకాలంలోనే వస్తాయి. చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతరకు వేలమంది లోయలోకి దిగుతారు. ‘వస్తున్నాం లింగమయ్యా’ అంటూ దిగేవాళ్లు, ‘పోయొస్తాం లింగమయ్యా’ అంటూ ఎక్కేవాళ్లు ఒకరినొకరు రాసుకుంటూ నడిచే ఇరుకు బండల దారి అది. పారడైజ్‌లో కార్లు నిలిచిపోయినట్టు ఇక్కడ మనుషులు నిలిచిపోగలరు. ఆ దారిలో వంట పొయ్యి వెలగకుండా, బీడీ, అగ్గిపెట్టె లోపలికి పోకుండా చూడటాన్ని భక్తికి అడ్డు చెప్పడంగా ఎవరూ తీసుకోకూడదు.

కదలాల్సి వస్తే

మంట ఎదురుగా కనబడితే మొదట చూడాల్సింది గాలి. పొగ ఎటు వంగుతోందో అటు పరుగెత్తితే మంట వెంటే వస్తుంది. మంట దారికి అడ్డంగా, పక్కకు తప్పుకోవాలి. కొండ ఎక్కకూడదు, వీలైతే దిగాలి. ఇరుకు లోయలు, వాగు గొందులు పొగగొట్టాల్లా పనిచేస్తాయి కాబట్టి నీళ్లు లేని గొందిలో దాక్కోవడం మంచిది కాదు. దున్నిన దుక్కి, ఎండిన చెరువు మట్టి, వెడల్పాటి బండ, తారు రోడ్డు, ముందే కాలి చల్లారిన నేల: వీటిలో ఏది దగ్గరైతే అదే దిక్కు. కాలిన నేల మీద మళ్లీ మంట రాదు. చాలామంది నల్లటి నేలను చూసి భయపడి ఆకుపచ్చగా కనబడే పొద వైపు పరుగెత్తుతారు, ఆ పొదే మండుతుంది.

ఒంటి మీద నూలు బట్ట ఉండాలి. నైలాన్, పాలిస్టర్ చీరలు కరిగి చర్మానికి అంటుకుంటాయి. ముఖానికి తువ్వాల కట్టుకుని, పొగ ఉన్నప్పుడు వంగి నడవాలి. జీపులోనో కారులోనో ఉండి దారి మూసుకుపోతే, దిగి గడ్డిలో పరుగెత్తడం కన్నా గడ్డి లేని చోట ఆపి, అద్దాలు ఎక్కించి, సీట్ల కిందికి వంగి, దుప్పటి కప్పుకుని మంట దాటిపోయేదాకా ఉండటం చాలాసార్లు మేలు. ఫోన్ చేయాల్సింది 101కి గానీ 112కి గానీ. ఊరు పేరు చెబితే సరిపోదు, ఏ గుట్ట పక్క, ఏ చెరువు కింద అన్నది కూడా చెప్పాలి.

గొడ్ల సంగతి వేరుగా చెప్పాలి. కొట్టంలో కట్టేసిన బర్రె తలుగు తెంపుకోలేదు. అందుకే ఎంత దూరం పోయినా దాని అరుపు వినబడితే మనిషి వెనక్కి వస్తాడు. ఊరు కదలాలన్న మాట వచ్చిన క్షణమే తలుగులు విప్పేయాలి, మేకల దొడ్డి తడిక తీసేయాలి. అవి పారిపోయి ఎక్కడో తేలతాయి, రెండు రోజులకు దొరుకుతాయి. తోలుకుపోదామని ఆగడమే ప్రమాదం. తలుగు ముడి కూడా ఎండాకాలంలో ఒక్క లాగుతో ఊడేలా వేసుకునే అలవాటు మంచిది.

కాలిన ఒంటికి కావాల్సింది చల్లటి నీళ్లు. కుళాయి కింద, లేదంటే బిందెతో పోస్తూ 20 నిమిషాలు. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు పూస్తే గాయం లోతు డాక్టర్‌కు కనబడదు, చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. ఐసు పెట్టకూడదు. పొగ ఎక్కువ పీల్చిన మనిషి నడుస్తూ మాట్లాడుతూ ఉన్నా ఆసుపత్రిలో చూపించాలి, గొంతులో వాపు గంటల తర్వాత తెలుస్తుంది.

బూడిదలో వెతకడం

కాలిన గుడిసె దగ్గర మర్నాడు పొద్దున కనిపించే దృశ్యం దాదాపు ఒకటే. ఇంటి ఆడమనిషి ఒక కట్టెతో బూడిద కదుపుతూ ఉంటుంది. వంకరపోయిన సత్తు గిన్నె, పగిలిన కుండ పెంకులు, సైకిల్ రిమ్ము, పూరికప్పును కట్టిన తీగ చుట్టలు. ఆమె వెతుకుతున్నది బియ్యం డబ్బాలో దాచిన మూట. బంగారం దొరికే అవకాశం బాగానే ఉంది. అది కరగాలంటే 1,064 డిగ్రీల వేడి కావాలి, కరిగినా ముద్దయి అక్కడే ఉంటుంది. అందుకే బూడిదను చెత్తలో ఎత్తిపోయకుండా, పూర్తిగా చల్లారాక, జల్లెడ పట్టాలి. నోట్ల సంగతి అలా కాదు. అంచులు కాలి, ముట్టుకుంటే రాలిపోయే నోట్లను మామూలు బ్యాంకు బ్రాంచిలో తీసుకోరు. వాటిని రిజర్వ్ బ్యాంకు ఇష్యూ ఆఫీసుకు పంపాలి, మనకది హైదరాబాద్‌లో ఉంది. కట్ట విప్పకుండా, ముక్కలు విడదీయకుండా, దూదిలో పెట్టి డబ్బాలో తీసుకెళ్లడం మంచిది. నోటు ఎంత భాగం మిగిలిందన్న దాన్నిబట్టి లెక్క కడతారు. ఈ చిన్న సంగతి తెలియక ఆ నల్లటి పొరలను బూడిదతో పాటే పారబోసే కుటుంబాలున్నాయి.

బూడిద కదిపేముందు చేయాల్సిన పని ఒకటుంది, ఫొటోలు. నాలుగు వైపుల నుంచి, దగ్గర నుంచి, ఇంటి యజమాని పక్కన నిలబడి. ఆ తర్వాత తహసీల్దార్ ఆఫీసుకు కబురు, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వచ్చి పంచనామా రాయడం, పోలీస్ స్టేషన్‌లో ఒక దరఖాస్తు, ఫైరింజన్ వచ్చి ఉంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే సర్టిఫికెట్. చనిపోయిన గొడ్డును పాతిపెట్టే తొందరలో పశువైద్యుడితో పోస్టుమార్టం చేయించడం మరిచిపోతే తర్వాత పరిహారం అడగడానికి ఆధారం ఉండదు.

అగ్నిప్రమాదం విపత్తు సహాయ నిధి కింద లెక్కకొచ్చే విపత్తే. 2022–26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన రేట్ల ప్రకారం మనిషి చనిపోతే 4 లక్షలు, మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1.20 లక్షలు, పాడి బర్రెకు 37,500, ఎద్దుకు 32,000, మేకకూ గొర్రెకూ 4,000. పూర్తిగా కాలిన గుడిసెకు 8,000 రూపాయలు. బట్టలకు 2,500, సామానుకు 2,500. ఈ అంకెల మధ్య దూరమే మన పల్లె గతిని చెబుతుంది. మంటకు ముందుగా, పూర్తిగా కాలేది గుడిసె. అందరికన్నా తక్కువ వచ్చేదీ గుడిసెకే. ఎనిమిది వేలకు నాలుగు నిట్టాళ్లు, కప్పు, తడికలు, కూలి వస్తాయా? ఏడాదికి సరిపడా గొడ్ల మేత అయిన గడ్డివాముకు, గుమ్మిలోని వడ్లకు ఆ రేట్లలో విడిగా పద్దు లేదు. రైతు మంట వైపు నడవడానికి కారణం మూర్ఖత్వం కాదని చెప్పడానికి ఈ లెక్క చాలు. వాము కాలితే ఆ ఏడాది గొడ్లను అమ్ముకోవాల్సిందేనని ఆయనకు తెలుసు.

చెట్ల లెక్క ఇంకా కష్టం. తాటిచెట్టు కల్లుకు రావాలంటే పన్నెండేళ్లకు పైనే పడుతుంది. నల్లగొండ బత్తాయి తోట సరిగ్గా కాపుకు రావడానికి నాలుగైదేళ్లు. పక్కవాళ్ల కొయ్య మంట గట్టు దాటి వచ్చి తోటను తాకితే ఆకులు మాడి చెట్టు నిలబడే ఉంటుంది, బతికిందో లేదో వానలు పడేదాకా తెలియదు. ఇలాంటి గొడవల్లో పెద్దమనుషులు కూర్చుని ఎంతో కొంత ఇప్పిస్తారు, లేదా రెండు ఇళ్ల మధ్య మాటలు ఆగిపోతాయి. ఊళ్లో అందరికీ తెలిసిన ఈ గొడవ ఏ నష్టం లెక్కలోనూ చేరదు.

కాగితాలు పోవడం మొదటి వారంలో పెద్దగా బాధించదు. పింఛనుకో, స్కూల్ అడ్మిషన్‌కో వెళ్లినప్పుడు తెలుస్తుంది. ఆధార్ మళ్లీ తీసుకోవడం సులువే. పాసుబుక్ డూప్లికేట్‌కు మీసేవలో దరఖాస్తు చేయొచ్చు, భూమి వివరాలు ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ భూభారతిలో కనబడతాయి. పదో తరగతి మెమో, కులం సర్టిఫికెట్, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు: ఒక్కోదానికి ఒక్కో ఆఫీసు, ఒక్కో రోజు కూలి పోగొట్టుకోవడం. ఫిబ్రవరిలో ఒక్క పూట ఊరి చదువుకున్న పిల్లలు ఇంటింటికీ తిరిగి అన్ని కాగితాలను ఫోన్‌లో ఫొటో తీసి, డిజిలాకర్‌లో పెట్టగలిగినవి పెట్టి, ఒక కాపీ పంచాయతీ ఆఫీసులో, ఇంకో కాపీ వేరే ఊళ్లోని చుట్టం ఫోన్‌లో ఉంచితే ఈ తిప్పలు సగానికి సగం తగ్గుతాయి. మంట వచ్చినప్పుడు ‘పెట్టె తెస్తా ఆగు’ అని లోపలికి పరుగెత్తే చెయ్యి కూడా అప్పుడే ఆగుతుంది.

కొన్నింటికి డూప్లికేట్ ఉండదు. చచ్చిపోయిన కొడుకు ఫొటో ఒక్కటే ఉండి, అదీ కాలిపోయిన తల్లికి ఏ ఆఫీసూ సాయం చేయలేదు. వేటకుక్క పోయిన చెంచు ముసలాయన రెండు మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడకపోవచ్చు. పిల్లలు పొయ్యి వెలిగిస్తే ఉలిక్కిపడతారు, రాత్రి నిద్రలో లేచి వాకిట్లోకి పరుగెత్తుతారు. ‘మనుషులు దక్కారు, అదే పదివేలు’ అన్న మాట నిజమే, కానీ పదే పదే చెబితే అది ఏడవొద్దని చెప్పినట్టు వినిపిస్తుంది. పోయినవాటి పేర్లు చెప్పుకుని ఏడ్చే సందు ఇవ్వాలి. పిల్లలను వీలైనంత త్వరగా బడికి పంపడం, ఒకే మాట పదిసార్లు చెప్పినా వినడం, రాత్రి పక్కన ఎవరో ఒకరు పడుకోవడం పనిచేస్తాయి. నెల దాటినా నిద్ర, తిండి కుదరకపోతే 14416కు ఫోన్ చేయొచ్చు, టెలీ మానస్ సేవలో తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు, డబ్బులేమీ అడగరు.

పల్లెల్లో ఒకరి వాము కాలితే తలా ఒక మోపు గడ్డి తెచ్చి వేయడం, గుడిసె కాలినవాళ్లను ఎవరో ఒకరు వసారాలో ఉండనివ్వడం ఇప్పటికీ ఉంది. పెంటల్లో ఆ సాయానికీ ఒక హద్దు ఉంది. గుడిసె మళ్లీ కప్పాలంటే బోద గడ్డి కావాలి. గుడిసెను కాల్చిన మంటే కొండ మీది బోదను కూడా కాల్చేసింది. కొత్త గడ్డి వానలు పడ్డాక మొలవాలి, పెరగాలి, చలికాలానికి ఎండాలి, అప్పుడు కోయాలి. ఏప్రిల్‌లో కాలిన ఇంటికి డిసెంబరు దాకా కప్పు దొరకదు. మధ్యలో వానాకాలమంతా ఉంటుంది. అందుకని పరిహారం ఫైలు ఏ టేబుల్ మీద ఉన్నా, జూన్ మొదటి వానకు ముందు ఆ కుటుంబం చేతికి మందపాటి టార్పాలిన్లు, నాలుగు రేకులు, వాటిని నిలబెట్టే కట్టె చేరాలి. ఆ కట్టె కొట్టుకోవడానికి అడవిలోకి వెళ్లినందుకు వాళ్ల మీద కేసు పెట్టకుండా చూడాలి.